రోజుకు ఏడు నిమిషాలు భవిష్యత్తులోకి పోతున్న గడియారం: విప్పాలా, వద్దా?

గంటస్తంభం సందు, విజయనగరం
శనివారం, రాత్రి 10:20

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం నాకు అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

గంటస్తంభం దగ్గర సందులో మాకు గడియారాల రిపేరు షాపు ఉంది. షాపంటే పెద్దగా ఊహించుకోకండి, ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీద ఉండాలి. మా నాయన పెట్టింది. ఆయన చేతుల మీదుగా లోలకం గడియారాలు, అలారం టైంపీసులు ఎన్నో నడిచాయి. నా దాకా వచ్చేసరికి సెల్లు మార్చడం, బెల్టు మార్చడం, గోడగడియారంలో చెడిపోయిన చైనా మిషను తీసి ఇంకో చైనా మిషను పెట్టడం. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు తాతగారి హెచ్ఎంటీ పట్టుకొస్తారు. కంటికి పెట్టుకునే ఐగ్లాసు ఇంకా అమ్మేయకుండా ఉంచుకున్నది వాటి కోసమే.

మొన్న గురువారం ఒక పెద్దాయన వచ్చారు. కంటోన్మెంటు వైపు ఉంటారు. ఓడల మీద ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. తువ్వాలు చుట్టిన చెక్కపెట్టె ఒకటి నా బల్ల మీద పెట్టి, "జాగ్రత్త బాబూ, ఇది నీ షాపు కంటే ఖరీదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. అబద్ధమైతే కాదు.

తీసి చూస్తే నాకు కాసేపు మాట రాలేదు. ఎత్తు అడుగు కంటే తక్కువే. మొత్తం ఇత్తడి, స్టీలు. మధ్యలో ఎర్రతోలు కుట్టిన బుల్లి కుర్చీ, నా బొటనవేలంత. దాని వెనకాల గుండ్రటి పెద్ద పళ్ళెం, వేలితో తోస్తే తిరుగుతుంది. కుర్చీ ముందు రెండు డ్రమ్ములు: ఒకదాని మీద గంటలు, ఇంకోదాని మీద నిమిషాలు. ముళ్ళు లేవు. పాత పెట్రోలు బంకు మీటరులో అంకెలు దొర్లినట్టు దొర్లుతాయి. కింద నాలుగు చిన్న డయళ్ళున్నాయి గానీ అవి కదలవు, ఉత్తుత్తివి. కుర్చీ పక్కన తెల్లటి మీట. అది చేతికి ఊడి వస్తుంది, దాంతోనే కీ ఇవ్వాలి. ఒకసారి నిండా ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది. ఇదంతా ఏదో టైం మిషను కథ చూసి చేశారట, విదేశంలో కొన్నారు. కంపెనీ పేరు ఇక్కడ రాయను, ఎందుకొచ్చిన గొడవ.

అటూ ఇటూ ఊగుతూ టైం నడిపే బాలెన్సు చక్రం ముందువైపే ఉంది, అద్దం కింద అందరికీ కనపడేలా. దాని ఊపు చూస్తూ కూర్చుంటే ఆ పూట ఇద్దరు సెల్లు కోసం వచ్చి నేను పలక్కపోతే వెళ్ళిపోయారు. ఫోన్లో బీటు, అంటే టిక్ టిక్ చప్పుడు, వినే యాప్ పెట్టి ఫోను దానికి ఆనించాను. గంటకి 18,000 బీటు రకం. అంటే సెకనుకి ఐదు. మా నాయన చేతికి కట్టుకున్న హెచ్ఎంటీ జనతా కూడా అదే లెక్క! అంత ఖరీదు వస్తువూ, మా నాయన వాచీ ఒకే అడుగు వేస్తున్నాయంటే ఎందుకో నాకు భలే అనిపించింది.

ఇక జబ్బు సంగతి. దసరా వెళ్ళాక మొదలైందట, రోజుకి ఏడు నిమిషాలు ముందుకి పోతోంది. అంతకు ముందు రెండేళ్ళు వంక పెట్టడానికి లేదు. "టైం మిషను కదా, భవిష్యత్తులోకి పోతోందిలే అని మూడు వారాలు ఊరుకున్నాను. వారానికోసారి సరిచేసుకోకపోతే వార్తలకి ముక్కాల్గంట ముందే టీవీ ముందు కూర్చోవలసి వస్తోంది" అన్నారు పెద్దాయన. కంపెనీకి పంపొచ్చు. పోయి రావడానికి నెలలు పడుతుంది, కస్టమ్స్ కాగితాలు వేరే. "నువ్వు చూడు, నీకు చేతకాదనిపిస్తే చెప్పు, నేనేం అనుకోను" అన్నారు. ఆ చివరి మాట దగ్గరే నాకు పౌరుషం వచ్చింది. ఒప్పుకున్నాను. ఒప్పుకున్న దగ్గర్నుంచీ టెన్షన్.

పైకి చూసినంతలో నాకు తెలిసింది ఇది. ఫాస్టు, స్లో చేసే ముల్లు సరిగ్గా మధ్యలో ఉంది, ఎవరూ కదిపినట్టు లేదు. బాలెన్సుని ఊపే సన్నటి చుట్ట, అదే హెయిర్ స్ప్రింగు, దాని మీద నూనె పడ్డట్టు కనపడలేదు. కింద పడలేదని ఆయన ఒట్టు వేస్తున్నారు.

ఆ ముల్లు కాస్త స్లో వైపు జరిపేసి ఇచ్చేయనా? లేకపోతే విప్పి చూడాలా? విప్పడమంటే నాకు భయమే, దాచుకోను. పంతొమ్మిదేళ్ళప్పుడు గోడగడియారం పెద్ద స్ప్రింగు టెన్షను దించకుండా ప్లేటు విప్పాను. అది పాములాగ లేచి అరచెయ్యి చీరేసింది, గీత ఇప్పటికీ ఉంది. మా నాయన గుడ్డ కడుతూ, "ఇప్పడం గుంటడికైనా వస్తాది, తిరిగి ఎట్టినోడే మేస్త్రి" అన్నాడు.

ఇంకోటి. ఆ పళ్ళెం, కదలని నాలుగు డయళ్ళు, ఊడొచ్చే మీట, వీటి కథేంటో ఎవరికైనా తెలుసా? పనికి సంబంధం లేదు, ఊరికే.

బులెట్ బండి
శనివారం, రాత్రి 10:41

ఎనిమిది రోజులకోసారి కీ ఇచ్చి, రోజుకి ఏడు నిమిషాలు తప్పు టైం చూపించే దానికి అన్నేసి లక్షలా? నా ఫోను ఊరికే చూపిస్తోంది. డబ్బున్నోళ్ళ సరదాలు అన్నా ఇవి. చెయ్యి పెట్టేటప్పుడు చూసుకోండి, దాని మీద గీత పడితే మీ షాపు రాసివ్వాలి.

నాగావళి గట్టు, శ్రీకాకుళం
ఆదివారం, ఉదయం 6:05

బాబూ, నేను ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. గడియారం ఎప్పుడూ విప్పలేదు కానీ లెక్క వేయగలను. రాత్రి మీ పోస్టు చదివాక నిద్ర పట్టలేదు, కాగితం తీశాను.

గంటకి 18,000 అంటే రోజుకి 4,32,000 బీట్లు. ఏడు నిమిషాలు ముందుకి పోయిందంటే రోజుకి 2,100 బీట్లు ఎక్కువ కొడుతోంది. చూడ్డానికి పెద్ద అంకె, శాతంలో అర కూడా కాదు. ఇప్పుడు అసలు సంగతి. బాలెన్సు ఊగే వేగం హెయిర్ స్ప్రింగు పొడవు మీద ఆధారపడుతుంది, అదీ వర్గమూలం లెక్కలో. అర శాతం వేగం పెరగాలంటే స్ప్రింగు పొడవులో సుమారు ఒక శాతం పని మానేయాలి. ఇరవై సెంటీమీటర్ల స్ప్రింగయితే రెండు మిల్లీమీటర్లు! ఎవరూ కత్తిరించలేదు కదా. అంటే చుట్టలో ఎక్కడో ఒక మెలిక పక్క మెలికకి అంటుకుంటోంది. నూనె లేదంటున్నారు. నాకు తోచే రెండో కారణం అయస్కాంతం.

ఉక్కు కాదు కదా అది, అంటారేమో. నిజమే. వేడికీ చలికీ మారని నికెలు, ఇనుము మిశ్రమాలు కనిపెట్టినందుకు గియోమ్ అనే ఆయనకి 1920లో ఫిజిక్సు నోబెల్ ఇచ్చారు. అలాంటి లోహాలతోనే ఈ స్ప్రింగులు చేస్తారు. విజయనగరం ఎండని తట్టుకుంటుంది. కానీ అందులో ఇనుమూ నికెలూ ఉన్నాయిగా, అయస్కాంతం ముందు ఏం చేస్తుంది?

మీ రెండో ప్రశ్నే నాకు ఇష్టమైనది. 1895లో హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత టైం మిషను మీద నవల రాశాడు. మీరన్న నాలుగు డయళ్ళు అందులోవే. ఒకటి రోజులు లెక్కపెడుతుంది, రెండోది వేల రోజులు, మూడోది పది లక్షల రోజులు, నాలుగోది వంద కోట్ల రోజులు. కదలకపోవడమే మంచిది లెండి. కథలో మొదట కనపడేది అసలు మిషను కాదు, దాని నమూనా, అదీ ఒక చిన్న గడియారమంత. భోజనాలయ్యాక దాన్ని చేసినాయన అతిథుల ముందు బల్ల మీద పెట్టి మీట నొక్కిస్తాడు. మిషను మాయం. తర్వాత తను ఎక్కి వెళ్ళిన పెద్ద మిషనుకి మీటలు విప్పి జేబులో వేసుకుని తిరుగుతాడు, తను లేనప్పుడు ఎవరూ నడపకుండా. మీ తెల్లమీట ఊడి రావడం అందుకే అయ్యుంటుంది. వెనక పళ్ళెం మాత్రం నవలలో లేదు. 1960లో తీసిన సినిమాలో బండి వెనకాల పెట్టారు, అప్పట్నుంచీ టైం మిషను బొమ్మ వేస్తే ఆ పళ్ళెం లేకుండా వేయరు.

భవిష్యత్తులోకి పోవడం వట్టి కట్టుకథ కాదు. జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు మన నేల మీది వాటి కంటే రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి నడుస్తాయి, దాన్ని లెక్కగట్టి సరిచేస్తేనే మీ ఫోన్లో మ్యాపు పనిచేసేది. మీ పెద్దాయనది ఏడు నిమిషాలు. ఐన్‌స్టీను మీదికి నెట్టేయడానికి వీల్లేదు.

మా వైపు టైంకి రావడమంటే అరసవల్లిదే పేరు. మార్చిలో కొద్ది రోజులు, అక్టోబరులో కొద్ది రోజులు పొద్దున్నే ఎండ గుళ్ళోకి వచ్చి స్వామి పాదాలు తాకుతుంది. కీ ఇవ్వక్కర్లేదు. మబ్బు పడితే మాత్రం మెకానిక్కు ఎవడూ లేడు.

గడియ అంటే 24 నిమిషాలు. మీది గడియలో మూడోవంతు కూడా తప్పడం లేదు. మా తాతల లెక్కలో మీ గడియారం కరెక్టు!

పాతగడియారాల పిచ్చి
ఆదివారం, ఉదయం 9:30

అన్నా, మాది బొబ్బిలి, ఉద్యోగం హైదరాబాదులో. పాత గడియారాలు పోగేసే జబ్బు ఉంది, ఇంట్లో రోజూ తిట్లే.

ముందు ఒక దండం పెట్టి చెప్తున్నా: ఆ ముల్లు ముట్టుకోవద్దు. స్లో వైపు జరిపితే ఇవాళ టైం కుదురుతుంది. రేపు ఆ మెలిక దానంతటదే విడిపోతే రోజుకి ఏడు నిమిషాలు వెనక్కి పోతుంది. అప్పుడు జబ్బు ఏదో, మందు ఏదో ఎవరికీ అర్థం కాదు.

రెండోది, మాస్టారు చెప్పింది నూటికి తొంభై పాళ్ళు నిజం. ఉన్నట్టుండి నిమిషాల లెక్కలో ఫాస్టు అయితే నేను మొదట అనుమానించేది అయస్కాంతాన్నే. విప్పకుండానే తెలుసుకోవచ్చు. మంచి దిక్సూచి ఒకటి తెచ్చి, గడియారం నడుస్తుండగా బాలెన్సు దగ్గర పెట్టండి. సూది ఒకసారి తిరిగి ఆగిపోతే అక్కడ ఇనుము ఉందని మాత్రమే అర్థం. బాలెన్సు ఊగుతున్న కొద్దీ సూది వణుకుతుంటే అయస్కాంతం పట్టిందన్నమాట. ఫోన్లో దిక్సూచి వాడకండి! ఫోను స్పీకర్లోనే అయస్కాంతం ఉంటుంది. బీటు యాప్ కోసం ఫోను ఆనించానన్నారు చూడండి, అక్కడ నాకు గుండె జారింది.

బులెట్ బండి గారూ, ఇది టైం చూసుకోవడానికి కొనేది కాదు. లెపే 1839 అని ఒక కంపెనీ ఉంది, పేరులోనే పుట్టిన సంవత్సరం. ఓగుస్త్ లెపే అనే ఆయన ఫ్రాన్సులో బెజాన్సాన్ దగ్గర మ్యూజిక్ బాక్సులతో మొదలుపెట్టాడు, ఇప్పుడు స్విట్జర్లాండులో బల్ల గడియారాలు చేస్తారు. ఎంబీ అండ్ ఎఫ్ అనే వాచీల కంపెనీతో కలిసి 2014లో అంతరిక్ష కేంద్రం ఆకారంలో ఒకటి చేశారు. దాని లోపల వరసగా ఐదు స్ప్రింగు డబ్బాలు, ఒకసారి కీ ఇస్తే 40 రోజులు నడుస్తుంది. రేసు కారు ఆకారంలో ఇంకోటి ఉంది, చక్రాలు వెనక్కి దొర్లిస్తే కీ ఎక్కుతుంది, అచ్చం చిన్నప్పుడు వెనక్కి లాగి వదిలే బొమ్మకారు. టైం సెట్ చేయాలంటే స్టీరింగు తిప్పాలి. పెద్దవాళ్ళకి బొమ్మలు, అంతే. ఒప్పుకుంటాను. కానీ ఆ బొమ్మలో ఒక్కో పళ్ళచక్రం అంచు చేత్తో మెరుగు పెట్టినవాడు ఎవడో ఉన్నాడు కదా. గోడగడియారంలో ప్లాస్టిక్ మిషను మార్చి పారేసే ఈ రోజుల్లో అలాంటి పని మిగిలింది ఈ సరదాల వల్లే.

అన్న దగ్గరికొచ్చిన గడియారం ఏ కంపెనీదో నేను అడగను, చెప్పకండి.

బులెట్ బండి
ఆదివారం, ఉదయం 9:48

40 రోజులా? మా బైకు బ్యాటరీ అన్ని రోజులు పనిచేస్తే చాలు నాకు.

గంటస్తంభం సందు, విజయనగరం
ఆదివారం, రాత్రి 9:15

మాస్టారూ, మీ లెక్క మూడుసార్లు చదివాను. నేను పదో తరగతి తప్పినవాణ్ణి, అయినా అర్థమైంది. రెండు మిల్లీమీటర్లు అన్నారు చూడండి, అది కళ్ళకి కట్టింది.

మీట జేబులో వేసుకున్నాడన్న ముక్క చదివి చాలాసేపు నవ్వుకున్నాను. మా నాయన కూడా అంతే. రిపేరుకొచ్చిన ప్రతి గోడగడియారం కీ తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు, మేం పిల్లలం తిప్పేస్తామని. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా కొక్కేనికి తగిలిస్తే గలగలలాడేది. ఆయన పోయాక ఆ చొక్కా జేబులో మూడు కీలు దొరికాయి. ఏ గడియారాలవో ఇప్పటికీ తెలియదు. ఎవరింట్లోనో మూడు గడియారాలు నోరు మూసుకుని ఉండి ఉంటాయి.

తమ్ముడూ, మీరు చెప్పేవరకూ ఫోను దాని ఒళ్ళోనే ఉంది. గురువారం రాత్రి బీటు రికార్డవ్వాలని ఆనించి పెట్టి ఇంటికెళ్ళి పడుకున్నాను! చదవగానే తీసి అవతల బల్ల మీద పడేశాను. జబ్బు అంతకు ముందే ఉందిలెండి, కానీ నేను ఎంత పోగు చేశానో దేవుడికే తెలియాలి.

దిక్సూచి కోసం ముందు స్టేషనరీ షాపుకెళ్ళాను. కీచైనుకి తగిలించేది ఇచ్చాడు. రెండు తెస్తే ఒకటి ఉత్తరం గంటస్తంభం వైపంటుంది, ఇంకోటి పెద్దచెరువు వైపంటుంది. చివరికి బుద్ధి వచ్చింది. ఓడల్లో పనిచేసిన మనిషి ఇంట్లో దిక్సూచి ఉండదా? పెద్దాయనకి ఫోన్ చేస్తే స్కూటరేసుకుని తనే తెచ్చారు. ఇత్తడి డబ్బా, లోపల నూనెలో తేలే సూది. ఇద్దరం ఊపిరి బిగబట్టి బాలెన్సు పక్కకి జరిపాం. సూది పక్కకి తిరిగింది, ఆగుతుందేమోనని చూస్తున్నాం. ఆగలేదు. బాలెన్సుతో పాటు వణకడం మొదలెట్టింది, జ్వరం వచ్చినవాడి పెదవిలాగ. పెద్దాయన "అమ్మో" అన్నారు. నాకు మాత్రం సంతోషమేసింది. జబ్బు దొరికింది కదా.

"ఇంట్లో ఎక్కడ పెడతారు సార్ దీన్ని?" అని అడిగాను. "హాల్లో, అలమారా మీద" అన్నారు. "పక్కన ఏముంటుంది?" కాసేపు ఆలోచించి తల పట్టుకున్నారు. వాళ్ళబ్బాయి దసరాకి వచ్చి పెద్ద స్పీకర్లు కొనిచ్చాడట. ఒక స్పీకరు మీద సరిగ్గా సరిపోయిందని, ఎత్తుగా అందంగా ఉందని, గడియారం తీసి దాని మీదే పెట్టారు. పైకి చెక్కపెట్టె. లోపల అరచేతంత అయస్కాంతం. మూడు వారాలు దాని నెత్తి మీద కూర్చోబెట్టారు.

ఓడ నడిపిన ఇంజినీరే దిక్సూచి దగ్గర ఇనుము పెట్టకూడదని మర్చిపోయారు. ఆయనే ఆ మాట అన్నారు, నేను కాదు.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, అయస్కాంతం తీసే నీలం డబ్బా నా దగ్గర ఉంది, చేతివాచీలకి వాడేది. దాని మీద వాచీ పెట్టి బటన్ నొక్కడమే. ఈ గడియారం ముందు అది అగ్గిపెట్టెలాగ ఉంది. బాలెన్సు ఒక్కటీ విప్పి తీసి దాని మీద పెట్టాలా? అంటే మళ్ళీ విప్పడం దగ్గరికే వచ్చాం.

పాతగడియారాల పిచ్చి
ఆదివారం, రాత్రి 9:40

విప్పొద్దు అన్నా. స్ప్రింగు ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న స్టీలు స్క్రూలు, ఇరుసులు అన్నిటికీ పట్టి ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే శుభ్రం చేసి తిరిగి పెడితే మళ్ళీ అంటుకుంటుంది. మొత్తానికీ ఒకేసారి తీయాలి. పెద్ద కాయిల్ కావాలి. మీ ఊళ్ళో పాత టీవీ మెకానిక్కు ఎవరైనా ఉన్నారా? డబ్బా టీవీల కాలంలో తెర మీద రంగు మరకలు పడితే గుండ్రటి కాయిల్ ఒకటి తిప్పేవారు, గుర్తుందా?

పలాస జీడిపప్పు
ఆదివారం, రాత్రి 9:52

గుర్తుంది! మా అన్నయ్య టీవీ తెరకి అయస్కాంతం ఆనించి ఊదా రంగు మరక చేశాడు. నాన్నకి తెలియకుండా మెకానిక్కుని పిలిస్తే టిఫిను ప్లేటంత రింగు తెచ్చి తెర ముందు తిప్పుకుంటూ వెనక్కి నడిచాడు. మంత్రం వేస్తున్నాడనుకున్నాను.

నాగావళి గట్టు, శ్రీకాకుళం
సోమవారం, ఉదయం 5:50

ఆ వెనక్కి నడవడమే మంత్రం. మన కరెంటు సెకనుకి 50 సార్లు తిరుగుతుంది, అంటే కాయిల్లో అయస్కాంతం దిశ సెకనుకి వంద సార్లు మారుతుంది. లోహంలో ఒక వైపుకి బారులు తీరిన రేణువులని అటూ ఇటూ కుదిపేస్తుంది. దూరం జరిగే కొద్దీ కుదుపు తగ్గి, చివరికి తలో దిక్కునా చెదిరిపోతాయి. దగ్గర ఉండగా స్విచ్ ఆపారో, ఆ క్షణంలో ఏ దిశ ఉందో ఆ దిశలో కొత్తగా పట్టేస్తుంది. కాబట్టి బాబూ, బాగా దూరం వచ్చాకే ఆపండి. తొందర పడకండి.

గంటస్తంభం సందు, విజయనగరం
బుధవారం, రాత్రి 10:05

ఆలస్యానికి క్షమించండి, ఫలితం చూడకుండా రాయకూడదని ఆగాను.

మా సందు చివర టీవీ మెకానిక్కు ఉన్నాడు, నా ఈడువాడే. ఇప్పుడు ఎల్ఈడీ టీవీలకి పట్టీలు మార్చడమే వాడి పని. కాయిల్ ఉందా అని అడిగితే నా వంక అదోలా చూశాడు. "పదేళ్ళయింది దాన్ని ఎవరైనా అడిగి" అన్నాడు. అటక మీంచి దించాడు. నల్ల టేపు చుట్టిన రింగు, టేపు జిగురంతా కారిపోయింది, వైరు ఒక చోట ఎలక కొరికింది. ముందు ఆ వైరు మార్చి, పాత డబ్బా టీవీ ఒకటి షాపులో మూల ఉంటే దాని మీద తిప్పి చూపించాడు. పని చేస్తోంది. వాడి మొహం వెలిగిపోయింది. నేను గడియారం కోసం వచ్చానని ఐదు నిమిషాలు మర్చిపోయాడు.

సోమవారం మధ్యాహ్నం షట్టరు సగం దించాం. గడియారాన్ని స్టూలు మీద పెట్టాం, చెక్క స్టూలు, మేకులు కూడా లేనిది వెతికి మరీ. వాడు రింగు పట్టుకున్నాడు, నేను స్విచ్ దగ్గర. మొదటిసారి వాడు గుండ్రంగా తిప్పుకుంటూ వెనక్కి నడిచి రెండడుగులకే గోడకి గుద్దుకున్నాడు. నా షాపు పొడుగు తెలుసుగా. "ఆపకు, ఆపకు!" అని అరిచాను. వాడు స్విచ్ ఆపమని అనుకున్నాడట, "ఆపెయ్!" అని వాడూ అరిచాడు. నేను ఆపలేదు, మాస్టారి మాట చెవిలో ఉంది. వాడు అలాగే షట్టరు కింద నుంచి వంగి రోడ్డు మీదికి వెళ్ళాడు, వైరు ఎంత పొడుగుంటే అంత దూరం. సెల్లు కోసం వచ్చిన ఒకావిడ వాణ్ణీ, వాడి చేతిలో గుయ్యిమంటున్న రింగునీ చూసి ఎదురు కొట్టుకి వెళ్ళిపోయింది. అప్పుడు ఆపాను. రెండోసారి, మూడోసారి ముందే రోడ్డు మీద మనుషులు లేకుండా చూసుకుని చేశాం.

దిక్సూచి పెట్టాం. సూది కాస్త పక్కకి తిరిగింది, ఆగింది. బాలెన్సు ఊగుతూనే ఉంది, సూది దాని మానాన అది ఉంది.

మంగళవారం సాయంత్రానికి 24 గంటల్లో 22 సెకన్లు ముందు. ఇవాళ సాయంత్రానికి ఇంకో 20 సెకన్లు. రెండేళ్ళ కింద కొన్నప్పుడు కూడా అలాగే ఉండేదని పెద్దాయన అన్నారు. ఒక్క స్క్రూ విప్పలేదు. ముల్లు ముట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే కొంచెం వెలితిగా కూడా ఉంది. లోపల ఎలా ఉంటుందో చూద్దామన్న ఆశ ఏదో మూల ఉండింది కదా. విప్పడానికి కారణం లేకుండా పోయింది.

బులెట్ బండి
బుధవారం, రాత్రి 10:12

అన్నా సూపర్. బిల్లు ఎంతేశారు? అది చెప్పండి ముందు.

గంటస్తంభం సందు, విజయనగరం
బుధవారం, రాత్రి 10:30

అదే తేలలేదు. పెద్దాయన చెక్కు పుస్తకం తీశారు. ఏం రాయమనాలి? నేను చేసిన పని స్విచ్ వేయడం, ఆపడం. మా మెకానిక్కుకి వైరు ఖర్చూ, వాడి పూట కూలీ ఇప్పించాను. నాకు సెల్లు మార్చినంత ఇవ్వండి చాలన్నాను. ఆయన ఒప్పుకోలేదు. అలా గుంజుకుని చివరికి నేనే ఒకటి అడిగాను: ఆదివారం దాకా గడియారాన్ని నా షాపు అద్దంలో ఉంచనివ్వండి, టైం పరీక్ష చేయాలి కదా అని. ఆయన నా వంక చూసి, "ఎన్ని రోజులు పరీక్షించాలో అన్ని రోజులు పరీక్షించు" అన్నారు.

స్కూలు వదిలాక పిల్లలు అద్దానికి మొహాలు ఆనించి చూస్తున్నారు. కుర్చీలో ఎవరు కూర్చుంటారని ఒకడు అడిగాడు. తెల్లమీట నా చొక్కా జేబులో ఉంది, బయట పెట్టలేదు.

పాతగడియారాల పిచ్చి
బుధవారం, రాత్రి 10:44

అన్నా, ఆ రింగు మీ ఫ్రెండు అమ్ముతాడేమో కనుక్కోండి. మంచి ధర ఇస్తాను.

గంటస్తంభం సందు, విజయనగరం
బుధవారం, రాత్రి 10:47

అమ్మడు తమ్ముడూ. నేను నిన్ననే అడిగాను.